కారుకు పెట్టిన నగలు

పాఠ్యభాగ నేపథ్యం

ఒక యంత్రాన్ని గురించి చదివేటప్పుడు దానిని కనిపెట్టిన శాస్త్రజ్ఞుని పేరు, దాని శక్తి, దాని వేగం తెలుసుకొంటాం. దానిని వాడిన మనిషిని మాత్రం తరచుగా మరచిపోతాం. పాత కార్లకు వాటి యజమానులు విడిగా కొని అమర్చుకొన్న చిన్న చిన్న ఉపకరణాలు ఆ మనిషిని గుర్తుచేస్తాయి. అటువంటి ఉపకరణాల పుట్టుకను, అవి కనుమరుగైన తీరును, మళ్లీ ఆదరణ పొందడానికి గల కారణాలను వివరించడం, గతాన్ని కాపాడుకొనేటప్పుడు పాటించవలసిన నిజాయితీని గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అన్నది తెలుగువారి సామెత. వస్తువు కొత్తగా ఉన్నంతకాలం దానిని తుడిచి, మెరుగుపెట్టి పదిమందికీ చూపుకొంటాం. పాతబడగానే మూలన పడవేస్తాం. అయితే ఆ రోత కాలాన్ని కూడా దాటి నిలిచిన వస్తువుకు మరొక యోగం పడుతుంది. పాతదే మళ్లీ వింత అవుతుంది. పదిహేనేళ్ల కారును తూకానికి అమ్మివేసిన మనిషే, డెబ్బై ఏళ్ల కారు వీధిలోకి వస్తే పని మానుకొని నిలబడి చూస్తాడు. అటువంటి పాత కార్లను లోకం 'వింటేజ్' కార్లని పిలుస్తున్నది. వింటేజ్ అన్నది మొదట ద్రాక్షసారాకు సంబంధించిన మాట. ఏ ఏటి పంటనుంచి ఆ సారా తయారైందో తెలిపే ఆ మాట, క్రమంగా వయస్సుతోపాటు విలువ పెరిగే వస్తువులన్నింటికీ వర్తించింది.

ఈ పాత కార్లను పరిశీలించినప్పుడు రెండు రకాల భాగాలు కనిపిస్తాయి. మొదటి రకం కర్మాగారంలో తయారైనవి. రెండవ రకం కారు యజమాని ఇంటికి చేరిన తరువాత వచ్చి చేరినవి. అంగడిలో వేరే తయారీదారుల వద్ద విడిగా కొని అమర్చుకొన్న గడియారం, హారను, రేడియో, ముందుభాగాన నిలిపిన లోహపు బొమ్మ, అద్దం పక్కన తగిలించిన పూలగొట్టం ఇటువంటివి. ఇవి లేకపోయినా కారు నడుస్తుంది. అయినా మనుషులు వీటికోసం డబ్బు వెచ్చించారు. ఎందుకు వెచ్చించారన్న ప్రశ్నకు సమాధానం వెతికితే ఒక శతాబ్దపు జనజీవనం కళ్లముందు నిలుస్తుంది.

అవసరం

ఈ కథకు ఆరంభం అమెరికాలో కనిపిస్తుంది. హెన్రీ ఫోర్డ్ సంస్థ 1908లో 'మోడల్ టి' అనే కారును విడుదల చేసింది. 1927లో దాని ఉత్పత్తి ఆగిపోయే నాటికి కోటీ యాభై లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. మొదట 850 డాలర్లున్న దాని ధర, చౌకరకం విషయంలో 1925 నాటికి 260 డాలర్లకు దిగివచ్చింది. ఫోర్డ్ ధర తగ్గించడానికి ప్రధానంగా పాటించిన సూత్రం ఒక్కటే. అన్ని కార్లూ ఒకే విధంగా ఉండాలి. అత్యవసరం కానిది ఏదీ ఉండకూడదు. 1914 నుంచి 1925 వరకు ఆ కారు నలుపు రంగులో మాత్రమే లభించేది.

ఫలితంగా రైతుకు, చిన్న వర్తకునికి కూడా కారు అందుబాటులోకి వచ్చింది. కాని అందులో ఎన్నో లోట్లు మిగిలాయి. పెట్రోలు ఎంత ఉన్నదో చూపే ముల్లు లేదు. చాలాకాలం పెట్రోలు తొట్టి ముందు సీటు కిందనే ఉండేది. డ్రైవరు దిగి, సీటు మెత్తను ఎత్తి, తొట్టిలో పుల్ల ముంచి తడిసినమేరకు లెక్క కట్టుకోవలసి వచ్చేది. ఇంజనును చల్లబరిచే నీరు మరుగుతున్నదో లేదో తెలిసే మార్గం లేదు. రేడియేటరునుంచి ఆవిరి చిమ్మినప్పుడే ప్రమాదం సంగతి తెలిసేది.

కర్మాగారం వదిలిపెట్టిన ఈ ఖాళీలలోనే ఒక కొత్త వ్యాపారం మొలకెత్తింది. జార్జ్ పెప్పర్‌డైన్ అనే యువకుడు 1909లో కాన్సాస్ సిటీలో ఫోర్డ్ కార్ల సామగ్రిని టపా ద్వారా అమ్మే వ్యాపారాన్ని అతి స్వల్పమైన పెట్టుబడితో ప్రారంభించాడు. అదే 'వెస్టర్న్ ఆటో' అనే పెద్ద సంస్థగా ఎదిగింది. సియర్స్ రోబక్ వంటి సంస్థల జాబితా పుస్తకాలలో ఫోర్డ్ కారు ఉపకరణాలకు ప్రత్యేక స్థానం లభించింది. పట్నం మొహం ఎన్నడూ చూడని రైతు, ఇంట్లో కూర్చొని ఆ పుస్తకం పేజీలు తిప్పి, తన బండికి ఏమి కావాలో తానే నిర్ణయించుకొన్నాడు.

అటువంటి ఉపకరణాలలో పేరెన్నిక గన్నది బాయ్స్ మోటోమీటర్. రేడియేటరు మూతమీద నిలబెట్టే గుండ్రని ఉష్ణమాపకం ఇది. దీని అడుగుభాగం నీటికి పైనున్న ఆవిరి వేడిని గ్రహిస్తుంది. లోపలి ఎర్రని ద్రవం పైకి లేస్తుంది. ముందు అద్దంలోనుంచి చూస్తూ డ్రైవరు ఆ ఎరుపును బట్టి ఇంజను స్థితిని తెలుసుకొంటాడు. ఇప్పుడు ఈ పరికరం కంటికి ఒక అందమైన ఆభరణంలా కనిపిస్తుంది. ఆనాడు మాత్రం అది నడివేసవిలో, నిర్జనమైన దారిలో ఇంజను చెడిపోకుండా ప్రయాణికుణ్ణి కాపాడిన హెచ్చరిక.

సౌకర్యం

అవసరం తీరిన తరువాత మనిషి సౌకర్యాన్ని కోరుకొంటాడు. పాల్ గాల్విన్ అనే పారిశ్రామికుడు 1930లో కారులో అమర్చదగిన రేడియోను రూపొందింపజేశాడు. అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సమావేశానికి దానిని తన కారులోనే బిగించుకొని వెళ్లి, సమావేశమందిరం సమీపాన కారు నిలిపి, వచ్చేపోయేవారికి పాటలు వినిపించాడు. మోటారు అనే మాటలోని మొదటి భాగానికి, ఆనాటి గ్రామఫోన్ పేర్ల చివర వినిపించే ధ్వనిని జోడించి దానికి 'మోటరోలా' అని పేరు పెట్టాడు. దాని వెల 110 నుంచి 130 డాలర్లు. ఆ రేడియోను బిగించడం సామాన్యమైన పని కాదు. విడిగా బ్యాటరీలు అమర్చాలి, ఏరియల్ కోసం కారు పైకప్పు లోపలి గుడ్డను విప్పాలి. ఇంజనులో పుట్టే విద్యుత్తు రవ్వలు పాటకు అడ్డుపడి గరగరమనే శబ్దం చేసేవి. ఆ రొదను అణచడానికి వేరే ఏర్పాటు కావలసి వచ్చేది. ఇన్ని తిప్పలు పడి కూడా మనుషులు కారులో పాట వినాలని కోరుకొన్నారు.

అమెరికా నైరుతి ఎడారి ప్రాంతాలలో కారు కిటికీకి తగిలించే నీటి కూలర్లు వాడుకలోకి వచ్చాయి. స్తంభాకారంలో ఉన్న ఆ డబ్బాలో నీరు పోస్తారు. కారు పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలి దానిలోని తడి మెత్తను దాటి లోపలికి వస్తుంది. నీరు ఆవిరి అయ్యేటప్పుడు గాలిలోని వేడిని గ్రహించడం వల్ల గాలి చల్లబడుతుంది. వేసవిలో మన ఇళ్ల గుమ్మాలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లడంలో ఉన్న సూత్రమే ఇది. పొడిగాలి వీచే చోటనే ఈ పరికరం ఫలిస్తుంది. సముద్రతీరపు ఉక్కపోతలో దీనివల్ల ఊరట అంతగా ఉండదు. నేల స్వభావాన్ని బట్టి పంట ఉన్నట్లే, ఊరి వాతావరణాన్ని బట్టి ఉపకరణం పుట్టింది.

ఒక ఉపకరణం మరొక ఉపకరణానికి తల్లి కావడం కూడా ఉన్నది. ఎండ కంట పడకుండా ముందు అద్దానికి పైన, బయటివైపున చూరులాంటి రేకును కొందరు బిగించుకొన్నారు. ఎండ తగ్గింది. కాని కూడలిలో పైన వేలాడే ట్రాఫిక్ దీపం కనబడకుండా పోయింది. అప్పుడు స్టీరింగుకు ఎదురుగా పెట్టుకొనే చిన్న పట్టకం అంగడిలోకి వచ్చింది. పైనున్న దీపం రంగు ఆ పట్టకంలో కనిపిస్తుంది. తెల్లని అంచులున్న టైర్లు రోడ్డు పక్క రాతిగట్టుకు రాసుకొని మాసిపోకుండా, చక్రం దగ్గర బిగించే ఉక్కు తీగలు కూడా అటువంటివే. గట్టు దగ్గరపడగానే ఆ తీగలు దానిని గీరుకొని చప్పుడు చేసేవి. అలంకారాన్ని కాపాడటానికి పుట్టిన ఉపకరణం అది.

అలంకారం

నీరు మరుగుతున్నదో లేదో చూపడానికి మోటోమీటర్ నిలిచిన రేడియేటరు మూత క్రమంగా శిల్పానికి పీఠమైంది. పక్షులు, జంతువులు, దేవతామూర్తులు, హాస్యపు బొమ్మలు, ఎవరికి తోచినది వారు కారు ముందు నిలుపుకొన్నారు. రోల్స్ రాయిస్ సంస్థ నిర్వాహకుడు క్లాడ్ జాన్సన్‌కు ఇది నచ్చలేదు. గంభీరమైన తమ కారు ముక్కుమీద యజమానులు వెకిలి బొమ్మలు పెట్టుకోవడం చూచి, చార్లెస్ సైక్స్ అనే శిల్పిచేత ఒక ప్రతిమను చేయించాడు. వస్త్రాలు గాలికి ఎగురుతుండగా ముందుకు వంగిన ఆ స్త్రీమూర్తి 1911లో అవతరించింది. నేడు ఆ సంస్థకే చిహ్నంగా భావించే ఈ ప్రతిమ, నిజానికి కొనుగోలుదారుల అభిరుచికి కర్మాగారం చెప్పిన జవాబు.

ఫ్రాన్సు దేశపు గాజుశిల్పి రెనే లాలిక్ 1925లో సిట్రోయెన్ సంస్థకోసం అయిదు గుర్రాల బొమ్మను చేశాడు. తరువాత కొద్ది సంవత్సరాలలోనే డేగ, కోడిపుంజు, తూనీగ వంటి అనేక రూపాలను గాజులో పోతపోశాడు. బొమ్మ అడుగున చిన్న దీపం పెట్టే ఏర్పాటుండేది. రాత్రివేళ ఆ కారు వస్తుంటే చీకటిలో వెలుగుతున్న గాజుపక్షి ఎగిరివస్తున్నట్లుండేది.

అంత ఖరీదైన అలంకారం అందరికీ సాధ్యం కాదు. జర్మనీలో పుట్టిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సామాన్యుల కారు. 1950వ దశకంలో దాని యజమానులు పింగాణీతో చేసిన చిన్న పూలగొట్టాన్ని కొని లోపల తగిలించుకొనేవారు. అందులో పట్టేది ఒకటి రెండు పూలే. 1998లో అదే సంస్థ 'న్యూ బీటిల్' పేరుతో ఆధునికమైన కారును విపణిలోకి తెచ్చినప్పుడు, పూలగొట్టాన్ని తానే అమర్చి ఇచ్చింది. ఒకనాడు యజమాని తన ఇష్టంకొద్దీ చేర్చుకొన్న వస్తువు, మరొకనాడు కారులో అంతర్భాగమై తిరిగివచ్చింది. 2011లో కొత్త రూపం వచ్చినప్పుడు ఆ గొట్టం తొలగిపోయింది.

మన దేశంలో

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరిన కారు అది. అది సిద్ధమై వచ్చేలోగానే, 1911లో ఆయన కన్నుమూశాడు. పసుపుపచ్చని ఆ కారు వెనుకభాగాన ప్రభువు కూర్చోవడానికి సింహాసనాన్ని తలపించే ఎత్తైన ఆసనం ఉన్నది. ఏడవ నిజాం కాలంలో ఉత్సవ సందర్భాలలో తప్ప దానిని బయటకు తీసేవారు కాదు. ప్రభువు కోరికకు తగినట్లు కారు తయారీదారే కారును మలచి ఇచ్చాడు. సామాన్యునికి ఆ భాగ్యం లేదు. కారు ఎలా వస్తే అలా తీసుకొని, తరువాత తనకు తగినట్లుగా దానిని దిద్దుకోవాలి.

1950వ దశకం చివరలో మన రోడ్లమీదికి వచ్చిన అంబాసిడర్ చరిత్రే ఇందుకు నిదర్శనం. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దాని ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. కారు కోసం పేరు నమోదు చేసికొని ఏళ్ల తరబడి నిరీక్షించవలసిన రోజులవి. అంతకాలం ఎదురుచూచి తెచ్చుకొన్న కారును మనవాళ్లు ఇంటిమనిషిలా చూచుకొన్నారు. డ్యాష్‌బోర్డు మీద బుల్లి ఫ్యాను, కిటికీలకు తెరలు, సీట్లమీద తెల్లని తువ్వాళ్లు, స్టీరింగుకు అల్లిన తొడుగు, ఎదురుగా చిన్న దేవుని ప్రతిమ, ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ చోటుచేసికొన్నాయి. దేశమంతటా ఒకే అచ్చులో పోసినట్లున్న కార్లలో ఏది ఎవరిదో ఈ చిన్న వస్తువులే చెప్పేవి.

బెంగ

కాలక్రమంలో ఉపకరణాలు చేసే పనిని కర్మాగారాలే స్వీకరించాయి. ఉష్ణమాపకం లోపలికి వచ్చింది. రేడియో, శీతల యంత్రం కారుతోపాటే వచ్చాయి. పని పోయిన ఉపకరణాలు అటకలెక్కాయి. కొన్ని దశాబ్దాల తరువాత వాటికోసం వెతుకులాట మొదలైంది. ఈసారి వాటిని వెతికించినది అవసరం కాదు, జ్ఞాపకం.

1688లో స్విట్జర్లాండుకు చెందిన యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, స్వదేశానికి దూరమైనవారిలో కనిపించే దిగులును ఒక వ్యాధిగా వర్ణించి దానికి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. ఇంటికి తిరిగిరావడం, బాధ అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాల కలయిక అది. తెలుగులో దానికి 'బెంగ' అన్న చక్కని మాట ఉన్నది. మొదట ఊరిమీద బెంగగా ఉన్న ఆ భావం, తరువాతి కాలంలో గడిచిన రోజుల మీది బెంగగా మారింది. ఊరికైతే బండెక్కి తిరిగి వెళ్లవచ్చు. గడిచిన కాలానికి తిరిగివెళ్లే బండి లేదు. కనుకనే మనిషి ఆనాటి వస్తువును దగ్గరకు తెచ్చుకొంటాడు.

ఈ బెంగ ఆధారంగా నేడు పెద్ద వ్యాపారమే సాగుతున్నది. పాత రూపంలో కొత్త వస్తువులు తయారవుతున్నాయి. పోర్షే సంస్థ 2020లో తన పాత కార్లకోసం ఒక పరికరాన్ని విడుదల చేసింది. చూడటానికి అది ఆనాటి రేడియోలా ఉంటుంది. లోపల మాత్రం దారి చూపే పటాలు, సెల్‌ఫోనుతో అనుసంధానం వంటి నేటి వసతులన్నీ ఉన్నాయి. ఆ సంగతిని తయారీదారు దాచలేదు. కనుక అందులో మోసం లేదు. కాని కొత్తగా పోతపోసిన బొమ్మకు మసిపూసి, గీతలుపెట్టి, వందేళ్లనాటిదని అమ్మేవారు కూడా ఉన్నారు. లాలిక్ బొమ్మలకు సైతం నకళ్లు పుట్టాయి. అక్కడ కొనుగోలుదారుకు జరిగే నష్టం డబ్బుతో ఆగదు. అబద్ధపు వస్తువు చరిత్రలో అబద్ధపు పుటను చేరుస్తుంది.

నిజాయితీ

తాళపత్రప్రతులను పరిశీలించిన పండితులకు ఇటువంటి సమస్య కొత్త కాదు. లేఖకుడు అంచున వ్రాసిన వివరణ పాఠకునికి తోడ్పడుతుంది. అదే లేఖకుడు తన పద్యాన్ని కవి పద్యాల నడుమ గుట్టుగా చేర్చితే అది ప్రక్షిప్తం అవుతుంది. రెండూ తరువాతి చేర్పులే. ఒకటి తన పేరు తాను చెప్పుకొంటుంది, రెండవది దాచుకొంటుంది. పాత కారుకు చేర్చే ఉపకరణం అంచున వ్రాసిన వివరణలా ఉండాలి, ప్రక్షిప్తంలా ఉండకూడదు.

పురాతన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ ఒప్పందపత్రం సారాంశం కూడా ఇదే. పాత కట్టడాల సంరక్షణకై 1964లో వెలువడిన వెనిస్ పత్రం దీనికి మార్గదర్శకం. వాహనానికి కొత్తగా చేసే మార్పు దాని మూలరూపాన్ని గౌరవించాలని, సాధ్యమైనంతవరకు తిరిగి తొలగించడానికి వీలుగా ఉండాలని, మార్చిన భాగాలపై చెరగని గుర్తు ఉండాలని ఆ పత్రం నిర్దేశించింది. మన కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనం తన మూలరూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదు. అటువంటి వాహనం నంబరులో 'వి ఎ' అనే అక్షరాలు చేరుతాయి. ప్రదర్శనలు, ర్యాలీలు వంటి సందర్భాలకే తప్ప దానిని నిత్యం రోడ్డుమీద తిప్పరాదు.

భద్రత విషయంలోను వివేకం అవసరం. వరుసగా పలు స్వరాలు పలికే హారన్లను మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 అనుమతించవు. అవి పాతవి కదా అన్నంతమాత్రాన రోడ్డుమీద మోగించడం తగదు. కారు ముందు నిలిచిన లోహపు బొమ్మ పాదచారికి తగిలితే గాయం చేస్తుంది. అందువల్లనే నేటి రోల్స్ రాయిస్ ప్రతిమ దెబ్బ తగలగానే లోపలికి దిగిపోయేలా రూపొందింది. గతంమీది ప్రేమ నేటి మనిషి ప్రాణంకన్న గొప్పది కాదు.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటున్నది. తాత వాడిన అంబాసిడర్ మనుమని చేతికి వచ్చిందనుకొందాం. కర్మాగారంనుంచి వచ్చిన నాటి రూపం కావాలంటే తాత బిగించిన ఫ్యానును తీసివేయాలి, నాయనమ్మ కుట్టిన తెరలను విప్పాలి. అప్పుడు కారు శుద్ధమవుతుంది. కాని అది ఎవరి కారైనా కావచ్చు. వాటిని ఉంచితే కారు మచ్చపడినట్లు కొందరికి తోచవచ్చు. కాని అప్పుడే అది ఆ ఇంటి కారు. ఈ రెండింటిలో ఏది సరియైనదో ఏ నియమమూ తేల్చి చెప్పజాలదు. ఒకవేళ తీసివేయవలసి వస్తే, ఆ ఫ్యానును, ఆ తెరలను పారవేయక, ఎవరు ఎప్పుడు ఎందుకు అమర్చారో ఒక కాగితంమీద వ్రాసి భద్రపరచడం కనీస ధర్మం.

ఒక కారు ఎన్ని గుర్రాల శక్తి కలదో తయారీదారు పత్రాలు చెబుతాయి. ఆ కారులో వెళ్లినవారికి ఎండ ఎంత బాధించిందో, ఏ దేవునికి మొక్కి బయలుదేరారో, ఏ పూవును ముచ్చటపడి పెట్టుకొన్నారో ఆ పత్రాలలో ఉండదు. ఆ సంగతులను చెప్పగలిగినవి కారుకు పెట్టిన ఈ నగలే. నగ గిల్టుదైనా ఫరవాలేదు. అది గిల్టుదని చెప్పుకోగలగాలి.

అర్థాలు

ఉపకరణం : పనికి తోడ్పడే సాధనం
విపణి : అంగడి, బజారు
పట్టకం : కాంతిని వంచే పలకల గాజు ముక్క
పీఠం : ఆధారంగా ఉండే దిమ్మ
నిదర్శనం : ఉదాహరణ
నిరీక్షించు : ఎదురుచూచు
ప్రక్షిప్తం : మూలగ్రంథంలో ఇతరులు చొప్పించిన భాగం
లేఖకుడు : ప్రతిని చూచి వ్రాసేవాడు
గిల్టు : బంగారు పూత

ప్రశ్నలు

అ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మోడల్ టి కారులోని లోట్లు కొత్త వ్యాపారానికి ఎలా దారితీశాయో వివరించండి.
2. కారు ఉపకరణాలు అవసరం, సౌకర్యం, అలంకారం, జ్ఞాపకం అనే దశలను దాటిన తీరును సోదాహరణంగా తెలపండి.
3. తాత వాడిన కారును మనుమడు ఏ రూపంలో కాపాడుకోవాలి? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. బాయ్స్ మోటోమీటర్ పనిచేసే విధానాన్ని తెలపండి.
2. కిటికీ కూలరుకు, వట్టివేళ్ల తడకకు గల పోలిక ఏమిటి?
3. పాత కారుకు చేర్చే ఉపకరణాన్ని తాళపత్రప్రతిలోని చేర్పుతో ఎందుకు పోల్చారు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రోల్స్ రాయిస్ ప్రతిమను రూపొందించిన శిల్పి ఎవరు?
2. 'నోస్టాల్జియా'కు సమానమైన తెలుగు మాట ఏది?
3. టురిన్ ఒప్పందపత్రానికి మార్గదర్శకమైన పత్రం ఏది?